ఫొటో కోసం రైలు కట్ట ఎక్కకండి

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో సెల్‌ఫోను చేతబట్టిన ప్రతి పిల్లవాడికీ, వాళ్ల తల్లిదండ్రులకూ, పెళ్లి ఫొటోలు తీసే ప్రతి స్టూడియో వారికీ ఈ మాట ఇవాళే చేరాలి. రైలు పట్టాల మీదా, పట్టాల పక్కనా, కాలువ వంతెనల మీదా నిలబడి ఫొటోలు దిగడం ఆపండి. సంతాప సభలో చెప్పుకోవలసిన రోజు రాకముందే ఈ మాట రాస్తున్నాం.

2024 జూన్ 3న మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో జరిగిన దారుణాన్ని మనవాళ్లు చాలామంది ఫోన్లలోనే చూశారు. ఎంప్రెస్ అని పిలుచుకునే 2816 నంబరు ఆవిరి ఇంజను 1930 నాటిది. దాన్ని కెనడాలోని కాల్గరీ నుంచి అమెరికా మీదుగా మెక్సికో సిటీ దాకా వేడుకగా నడిపారు. దారి పొడవునా ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి పట్టాల వెంట నిలబడ్డాయి. అలా వచ్చినవారిలో ఒక యువతి పట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వచ్చే ఇంజను తన వెనక పడేలా ఫోను పైకెత్తింది. ఇంజను ఆమె తలకు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఆమె పట్టాల మధ్యలో లేదు, పట్టాకు ఇవతల నేల మీదే ఉంది. కనీసం పది మీటర్ల దూరంలో ఉండండని రైల్వే కంపెనీ జనాన్ని కోరింది.

ఆ పది మీటర్ల లెక్క ఎందుకో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మన బ్రాడ్‌గేజి లైనులో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. దాని మీద నడిచే బండి వెడల్పు పది అడుగులు దాటుతుంది. పట్టాకు అటూ ఇటూ రెండున్నర అడుగుల దాకా ఇంజనూ పెట్టెలూ బయటికి ఉంటాయి. పట్టాకు రెండడుగుల అవతల నిలబడ్డవాడు నిజానికి రైలు దారిలోనే నిలబడ్డాడు. దానికి తోడు వేగంగా పోయే బండి పక్కన గాలి ఊపు ఉంటుంది, మెట్ల దగ్గర కాళ్లు వేలాడేసిన ప్రయాణికులు ఉంటారు, గూడ్సు వ్యాగన్లకు వేలాడే గొలుసులూ తాళ్లూ ఉంటాయి. కాలి కింద కంకర జారుతుంది. ఇవన్నీ తెలిసిన గ్యాంగ్‌మన్‌లు కూడా బండి వస్తుంటే పనిముట్లు తీసుకుని దూరంగా జరిగి నిలబడతారు. రోజూ పట్టాల మీదే బతికే మనిషికి ఉన్న భయం, ఫోను పట్టుకుని సరదాకి వచ్చినవాడికి లేకుండా పోయింది.

మన దగ్గర ఆవిరి ఇంజన్లు ఎక్కడున్నాయి, ఈ హెచ్చరిక మనకెందుకు అనవచ్చు. నిజమే, భారతీయ రైల్వే బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ సర్వీసులు 1995తోనే ముగిశాయి. కానీ ఆ మోజు పోలేదు, ఫోన్లు వచ్చాక ఇంకా పెరిగింది. హరియాణాలోని రేవాడి షెడ్డులో పాత ఇంజన్లను ఇప్పటికీ కాపాడుతున్నారు. 1855లో తయారైన ఈఐఆర్ 21 ఇంజనును పెరంబూరులో బాగుచేసి, చెన్నైలో ఎగ్మూరు నుంచి కోడంబాక్కం దాకా వేడుకగా నడిపారు. నీలగిరి కొండ రైలు, డార్జిలింగు బుల్లి రైలు సరేసరి. చెన్నైకో ఊటీకో వెళ్లిన మన కుటుంబాలు ఆ పొగను, ఆ కూతను ఫోనులో పట్టుకోవాలని ముచ్చటపడతాయి. ఆ ముచ్చటలో తప్పు లేదు. రైలును ప్రేమించే తరం ఉండటం మంచిదే. తప్పంతా ఎక్కడ నిలబడుతున్నామన్న దగ్గరే ఉంది.

ఆవిరి ఇంజను దగ్గర ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. దాని పొడవాటి బాయిలరు డ్రైవరు ముందు అడ్డంగా ఉంటుంది. పక్కకు వంగి చూస్తే తప్ప ముందున్నది కనపడదు, చూసినా ఇంజను ముక్కు దగ్గర నేల మీద ఉన్న మనిషి ఆయనకు కనపడడు. ఒకప్పుడు మన ఎక్స్‌ప్రెస్‌లను లాగిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్లలో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. ఆ ఒత్తిడి దగ్గర బాయిలరులో నీటి వేడి దాదాపు 200 డిగ్రీలు. బండి కదిలేముందు సిలిండర్లలో చేరిన నీటిని బయటికి వదలడానికి డ్రైవరు సిలిండర్ల అడుగునున్న కుళాయిలు తెరుస్తాడు. అప్పుడు తెల్లటి ఆవిరి, సలసల కాగే నీళ్లు మోకాలి ఎత్తున పక్కలకు చిమ్ముతాయి. ఫొటోకి అందంగా కనపడేది సరిగ్గా ఆ క్షణమే కాబట్టి జనం సరిగ్గా అక్కడికే చేరతారు. కాళ్లు కాలడం ఒక ఎత్తయితే, ఆ తెల్లటి మబ్బులో పక్క మనిషి కనపడక తడబడి చక్రాల వైపు పడటం ఇంకో ఎత్తు. పిల్లల్ని భుజాన కూర్చోబెట్టుకుని ఇంజను సిలిండరు పక్కన నిలబడే తండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లండులో 2016 ఫిబ్రవరి 25న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పాత ఇంజనును మరమ్మతుల తర్వాత లండను నుంచి యార్కుకు నడిపినప్పుడు, ఫొటోల కోసం జనం పట్టాల మీదికి వచ్చేయడంతో దారిలో బండిని ఆపవలసి వచ్చింది. రైల్వేలకు పుట్టినిల్లయిన దేశంలోనే అలా జరిగింది. ఈ పిచ్చికి చదువు, దేశం, వయసు తేడా లేదు.

ఇప్పుడు మన లైను సంగతికి వద్దాం. ఈ సంపాదకీయం రాయడానికి అసలు కారణం అదే.

బెజవాడ నుంచి బందరుకు రైలు వచ్చి నూరేళ్లు దాటింది. గుడివాడ నుంచి భీమవరానికి 1928లో లైను పడింది. తర్వాత మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది, బొగ్గింజను పోయి డీజిలు వచ్చింది. కానీ తరతరాలుగా మారనిది ఒకటుండేది: ఒకే లైను. ఉప్పులూరు, ఇందుపల్లి, గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి, ఈ స్టేషన్ల చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు రైలు కట్ట అంటే పొలానికి దగ్గరి దారి. గేదెల్ని తోలుకెళ్లే దారి, సాయంత్రం కుర్రాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు. ఏ బండి ఏ వేళకు ఎటునుంచి వస్తుందో ముసలమ్మలకు కూడా తెలుసు. బండి ఊరవతల ఉండగానే చప్పుడు వినిపించేది, పట్టా అదిరేది. ఒక బండి వెళ్లిపోయిందంటే ఇంక చాలాసేపటి దాకా భయం లేదు. ఈ లెక్కతోనే మూడు తరాలు ఆ కట్ట మీద తిరిగాయి.

ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, భీమవరం, నరసాపురం, నిడదవోలు మధ్య 221 కిలోమీటర్ల పొడవునా డబుల్ లైను వేశారు, కరెంటు పెట్టారు. డెల్టాకు అది ఎన్నాళ్లో ఎదురుచూసిన వరం. అయితే దానితోపాటు మన కళ్లకూ చెవులకూ ఇంకా అలవాటుకాని ప్రమాదాలు వచ్చాయి. కరెంటు ఇంజను డీజిలు ఇంజనులా దూరం నుంచి గుర్రుమంటూ రాదు. ఎదురుగాలి ఉంటే, చెవిలో పాటలు పెట్టుకుని ఉంటే, బాగా దగ్గరికి వచ్చేదాకా వినపడదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. ఫోను సరిచేసుకుని, నవ్వి, నొక్కి, సరిగా వచ్చిందో లేదో చూసుకునే ఐదు సెకన్లలో అది 140 మీటర్లు వచ్చేస్తుంది. లోకో పైలట్ మిమ్మల్ని చూసి ఆ క్షణమే అత్యవసర బ్రేకు వేసినా, ఆ వేగంలో ఉన్న బండి పూర్తిగా ఆగడానికి దాదాపు కిలోమీటరు కావాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం రెండో బండి. ఒక లైను మీద రైలు పోతుంటే దాన్ని ఫొటో తీస్తూ పక్క లైను మీద నిలబడతారు. ముందున్న బండి చప్పుడులో వెనక వచ్చే బండి చప్పుడు కలిసిపోతుంది. కూత వేసినా ఎదుటి బండిదే అనుకుంటారు. ఉత్తరాంధ్ర దీన్ని రెండుసార్లు చూసింది. 2013 నవంబరు 2న విజయనగరం దగ్గర గొట్లాంలో, బండికి నిప్పంటుకుందన్న భయంతో దిగి పక్క లైను మీదికి వెళ్లిన ప్రయాణికుల్ని ఎదురుగా వచ్చిన రైలు ఢీకొట్టింది. 2022 ఏప్రిల్ 11 రాత్రి శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర గువాహటి ఎక్స్‌ప్రెస్ ఆగినప్పుడు కిందికి దిగినవాళ్లలో ఐదుగురు అవతలి లైను మీద వచ్చిన కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కింద పడి చనిపోయారు. వాళ్లెవరూ ఫొటోల కోసం దిగినవాళ్లు కారు. అయినా ఒక బండి మీదే దృష్టి పెట్టిన మనిషికి రెండో బండి కనపడదు, వినపడదు అన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ రెండు చోట్లా డబుల్ లైను ఏళ్ల తరబడి ఉన్నదే. మనకేమో కొత్త.

ఫోను కెమెరా కూడా మోసం చేస్తుంది. సెల్ఫీ తీసే ముందువైపు కెమెరాకి ఉండేది వెడల్పుగా చూసే కటకం. ఎక్కువ దృశ్యం పట్టడం కోసం అది వెనకనున్నవాటిని చిన్నవిగా, అసలు కంటే దూరంగా చూపిస్తుంది. తెరమీద బండి ఇంకా గుప్పెడంత ఉందనుకునే సమయానికి అది నిజంగా మీ వీపు వెనకే ఉంటుంది. ఫోను తెరలో చూసి రైలు దూరాన్ని అంచనా వేసుకోవడమంత పొరపాటు లేదు.

ఇక పైనున్న తీగ. అందులో ఉండేది 25,000 వోల్టుల కరెంటు. ఇళ్లలో వచ్చేది 230. ఆ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు, గాలిలోంచే దూకి మనిషిని పట్టుకుంటుంది. రెండు మీటర్ల లోపలికి ఎవరూ పోకూడదని రైల్వే నియమం. ఆగివున్న గూడ్సు వ్యాగను మీదికెక్కి చేయి పైకెత్తి ఫొటో దిగబోయి మాడిపోయిన కుర్రాళ్ల వార్తలు దేశమంతటా వస్తూనే ఉన్నాయి. సెల్ఫీ కర్ర, వెదురు గడ, తడిసిన గాలిపటం దారం, ఏవైనా ఆ తీగ దగ్గర ప్రాణాంతకమే. సంక్రాంతికి గాలిపటాలెగరేసే పిల్లల్ని రైలు కట్టకు దూరంగా ఉంచండి. పట్టాల మీదుగా డ్రోను ఎగరేసి పెళ్లి వీడియో తీద్దామన్న ఆలోచన కూడా మానుకోవాలి. అది తీగల్లో చిక్కుకుంటే తీయడానికి ఎవరో ఒకరు స్తంభం ఎక్కబోతారు.

పుష్య మాసపు పొద్దుల్లో డెల్టా మీద మంచు దట్టంగా దిగుతుంది. ఆ మంచులోంచి దీపం వేసుకుని వచ్చే రైలు పాతకాలపు పొగబండిలా కనపడుతుంది. ఆ బొమ్మ కోసమే తెల్లవారుజామున కెమెరాలు పట్టుకుని కట్టెక్కేవాళ్లుంటారు. మీకు బండి ఎంత మసకగా కనపడుతోందో, మీరు డ్రైవరుకు అంతకన్నా మసకగా కనపడతారు. కోతల తర్వాత గడ్డి తగలబెట్టిన పొగలో కూడా ఇంతే.

పండగ గుంపుల విషయంలో అమృత్‌సర్‌ను మరచిపోకూడదు. 2018 అక్టోబరు 19, దసరా సాయంత్రం. రావణ దహనం చూడటానికి జనం పట్టాల మీదికి చేరారు, చాలామంది ఫోన్లలో వీడియో తీస్తున్నారు. టపాసుల మోతలో రైలు చప్పుడు వినపడలేదు. అరవైమంది దాకా పోయారు. మన చిలకలపూడిలో పాండురంగస్వామి ఉత్సవాలు కార్తీకంలో జరుగుతాయి. పున్నమికి మంగినపూడి సముద్ర స్నానానికి వేలమంది కదులుతారు. చిలకలపూడి స్టేషను ఆ జన ప్రవాహం పక్కనే ఉంది. ఆ రోజుల్లో స్టేషనుకు అటూ ఇటూ పట్టాలు దాటేచోట్ల పోలీసులు, వాలంటీర్లు నిలబడితీరాలి. మైకులో స్వామి పాటలతో పాటు గంటకొకసారి ఈ హెచ్చరిక కూడా వినిపించాలి. బందరు అధికారులు ఈసారి ఏర్పాట్ల సమావేశంలో దీన్ని మొదటి అంశంగా పెట్టుకోవాలని కోరుతున్నాం.

దివిసీమ వారితో ప్రత్యేకంగా ఒక మాట. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు రైలు లేదు. బందరు నుంచి రేపల్లెకు లైను కావాలని అడగడం పాత కోరికే. ఇంట్లో రైలు చప్పుడు వినకుండా పెరిగిన పిల్లలకు బందరు వచ్చినప్పుడు రైలు ఒక వింత. దగ్గరికి పోయి చూడాలనిపిస్తుంది. పట్టాల పక్కన పెరిగిన పిల్లలకు పెద్దవాళ్ల తిట్లతో వచ్చిన జాగ్రత్త వీళ్లకు ఎవరూ నేర్పలేదు. విహారయాత్రకో పరీక్షకో పిల్లల్ని తీసుకొచ్చే మాస్టర్లు స్టేషనులో దిగకముందే చెప్పాలి: ప్లాట్‌ఫారం మీది పసుపు గీత దాటకూడదు, కదిలే బండికి వీపు పెట్టకూడదు, ఒక లైను దాటాక రెండోది చూడకుండా అడుగు వేయకూడదు.

పెళ్లి ఫొటోల స్టూడియోల వారిని నేరుగా అడుగుతున్నాం. పట్టాల మీద చేతులు పట్టుకుని నడిచే జంట, వంతెన మీద ఎగిరే చీర చెంగు, ఈ బొమ్మలు మీ గోడల మీద నుంచి తీసేయండి. ఆ నమూనా చూపించి మీరే కొత్త జంటల్ని అక్కడికి తీసుకుపోతున్నారు. 2024 జూలైలో రాజస్థాన్‌లోని గోరంఘాట్ దగ్గర పాత మీటర్‌గేజి వంతెన మీద ఫొటోలు దిగుతున్న దంపతులు, రైలు వచ్చేసరికి పక్కకు జరిగే చోటు లేక దాదాపు 90 అడుగుల లోయలోకి దూకారు. డ్రైవరు బండిని అదుపు చేశాడు, వాళ్లు తీవ్ర గాయాలతో బతికారు. మన కాలువల మీది రైలు వంతెనలు అంత ఎత్తు లేకపోవచ్చు. కానీ వాటి మీద కూడా పక్కకు తప్పుకునే చోటు అడుగడుగునా ఉండదు. కింద కాలువ నిండుగా పారుతుంటుంది. పట్టుచీర, నగలు, పంచెకట్టుతో అందులో పడ్డ మనిషి ఈదలేడు.

సినిమాల్లో చూశాం కదా అనే కుర్రాళ్లకు: సినిమా వాళ్లు రైల్వేకి రుసుము కట్టి, అనుమతి తీసుకుని, అధికారుల సమక్షంలో ఆ దృశ్యం తీస్తారు. మీకు అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. 2023 మేలో హైదరాబాదు సనత్‌నగర్‌లో పదహారేళ్ల విద్యార్థి పట్టాల పక్కన రీలు చేస్తూ రైలు తగిలి పోయాడు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచమంతటా వార్తల్లోకెక్కిన సెల్ఫీ మరణాలను ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు లెక్కవేస్తే 259 తేలాయి. అందులో ఎక్కువమంది మన దేశంవాళ్లే. నీళ్లలో మునగడం తర్వాత ఎక్కువ ప్రాణాలు తీసినవి వాహనాలు, వాటిలో ముఖ్యంగా రైళ్లు.

చట్టం కూడా ఉంది. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే జరిమానా భయంతో ఇది ఆగుతుందని మేం అనుకోవడం లేదు. రైల్వే చేయవలసింది వేరే ఉంది. ఊళ్లవాళ్లు రోజూ దాటే ప్రతిచోటా తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి: ఇక్కడ రెండు లైన్లున్నాయి, రెండు వైపులా చూడండి. పొలాలకు వేరే దారి లేనిచోట అండర్‌పాస్ కట్టాలి. నడిచే దారి చూపకుండా నడవొద్దంటే రైతు వినలేడు. గుడివాడ, బందరు కాలేజీల్లో ఏడాది మొదట్లో ఒక గంట ఈ పాఠం చెప్పించాలి. చెప్పేది లోకో పైలట్ అయితే మరీ మంచిది. బ్రేకు వేసి, కూత మోగిస్తూ, ఎదురుగా ఉన్న మనిషిని కాపాడలేక చూస్తూ ఉండిపోవలసి రావడం ఎలా ఉంటుందో ఆయన చెబితే పిల్లలు వింటారు. తప్పు ఆయనది కాకపోయినా ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం వదలదు.

రైలు ఫొటోలు మానేయమనడం లేదు. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనక నిలబడి తీయండి. బందరు చివరి స్టేషను, అక్కడ బండి తీరిగ్గా ఆగి ఉంటుంది, పెట్టెల పక్కన ప్లాట్‌ఫారం మీదే కావలసినన్ని బొమ్మలు తీసుకోవచ్చు. బండి ఆగివుందని లోపలికెక్కి తీసుకునేటప్పుడు మాత్రం తలుపులు గమనించండి. 2023 జనవరిలో రాజమండ్రిలో ఫొటో కోసం వందేభారత్ ఎక్కిన ఒకాయన తలుపులు మూసుకుపోవడంతో విజయవాడ దాకా పోవలసి వచ్చింది. పాత ఆవిరి ఇంజన్లను తనివితీరా చూడాలంటే చెన్నై పెరంబూరులో, మైసూరులో రైలు మ్యూజియాలున్నాయి. అక్కడ చక్రాన్ని చేత్తో తడిమి చూడొచ్చు. ఎక్కడైనా పాత ఇంజనును నడిపే వేడుకకు వెళితే తాడు కట్టిన అవతలే నిలబడండి, పిల్లల చేయి వదలకండి, ఇంజనుకు వీపు పెట్టి ఫొటో తీసుకోకండి.

పట్టాల మీద దిగిన ఫొటో మీ ఫోనులోకి వస్తే దానికి లైకు కొట్టకండి, ఇంకొకరికి పంపకండి. పంపినవాడికి ఫోను చేసి మందలించండి. కట్ట మీద కుర్రాళ్లు గుంపుగా చేరి వీడియోలు తీయడం చూస్తే మనకెందుకులే అని పోకుండా దగ్గరి గేట్‌మన్‌కు గాని, స్టేషను మాస్టరుకు గాని చెప్పండి. లేదా రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేయండి. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోనులో రాసి పెట్టుకోండి.